చిట్టా నుండి చిత్రము వరకు

2004 ఆగస్టు మాసమున చార్లీ అను పెనుతుఫాను అమెరికాలోని ఫ్లోరిడా తీరమును అతలాకుతలము చేసి వెడలిన కొలది దినములకే, ఫ్రాన్సెస్ అను మరియొక తుఫాను అట్లాంటిక్ సముద్రము మీదుగా ఆ రాష్ట్రమువైపే సాగివచ్చుచుండగా, ఆర్కన్సా రాష్ట్రమునందలి బెంటన్‌విల్ పట్టణములో, వాల్‌మార్ట్ సంస్థ ప్రధాన కార్యాలయమున, ఒక ప్రశ్న పుట్టినది. తుఫాను వచ్చుచున్నదని విన్న జనులు ముందుగా ఏమేమి కొని దాచుకొందురు? టార్చిలైట్లు, బ్యాటరీలు, త్రాగునీరు అని ఎవరైనను ఊహింపగలరు. అందులకు కంప్యూటరుతో పనిలేదు. అయితే ఆ సంస్థ సమాచార విభాగమునకు అధిపతిగా నుండిన లిండా డిల్‌మన్, చార్లీ వచ్చిన దినములనాటి అమ్మకములను తన ఉద్యోగులచే శోధింపజేయగా తేలిన సంగతి వేరుగా నుండెను. స్ట్రాబెర్రీ పాప్ టార్ట్‌లు అను తీపి తినుబండారము మామూలు దినములకంటె ఏడురెట్లు అమ్ముడుపోయినది. తుఫానునకు ముందు అన్నిటికంటె మిన్నగా అమ్ముడుపోయిన వస్తువు బీరు. ఆ సరకు నింపిన లారీలు ఫ్రాన్సెస్ దారిలోని దుకాణములకు బయలుదేరినవి. ఆ యేడు నవంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ వృత్తాంతమును ప్రకటించుచు, వాల్‌మార్ట్ కంప్యూటర్లలో అప్పటికి 460 టెరాబైట్ల డేటా నిలువయున్నదని తెలిపినది.

ఈ కథను చెప్పెడివారు సాధారణముగా యంత్రము తెలివిని మెచ్చుకొందురు. నాకు మాత్రము ఇందులో విస్మయము గొలుపునది ‘స్ట్రాబెర్రీ’ అను ఒక్క మాట. ఆ దుకాణములవారు ఏ దినమునకు ఆ దినము ‘ఆహారపదార్థముల అమ్మకము ఇంత’ అని మొత్తము వేసి, విడివిడి బిల్లులను పారవేసియుండినచో, ఎంతటి మహాగణకుడు వచ్చి కూర్చున్నను ఆ రుచి పేరు బయటపడియుండెడిది కాదు. బిజినెస్ ఇంటెలిజెన్స్ అని వ్యాపార లోకమున వాడుకలోనున్న సాఫ్ట్‌వేరులో చివరకు కంటికి కనబడునది రంగురంగుల పటము; కాని ఆ పటము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో, అది గీయబడుటకు చాల ముందే, ఎవరును చూడని గదులలో నిర్ణయమై యుండును. దుకాణపు బల్లనుండి అధికారి కంటివరకు సాగు ఈ దారిలో ప్రతి మజిలీయందును ఏదో ఒకటి విడిచిపెట్టబడును. కోట్లకొలది బిల్లులను ఒక మనుష్యుడు చూడగల బొమ్మగా కుదించుట యనగా విడిచిపెట్టుటయే గదా! ఏది విడువబడినది, విడిచినదానిని మరల చేరుటకు మార్గము మిగిలియున్నదా అని అడిగి చూచినచో ఈ సాఫ్ట్‌వేరు అంగములు ఒక్కొక్కటిగా తమ స్వరూపమును చూపును.

దారి మొదలు దుకాణపు బల్లయొద్దనే. 1974 జూన్ 26వ తేదీన ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున, మార్ష్ అను సూపర్‌మార్కెట్‌లో, రిగ్లీ కంపెనీవారి జూసీ ఫ్రూట్ చూయింగ్‌గమ్ పొట్లమొకటి 67 సెంట్లకు అమ్ముడుపోయినది. నల్లచారల బార్‌కోడును కాంతికిరణముచే చదివి చేసిన మొదటి బేరము అదియే. ఆ చారలు తెలుపునవి 12 అంకెలు. వానిలో ధర యుండదు. తయారుచేసిన వారెవరు, వస్తువేది అనునంతమాత్రమే యుండును. ధర దుకాణపు కంప్యూటరు వెదకి తెచ్చుకొనును. చివరి అంకె పరీక్ష కొరకు చేర్చినది. బేసి స్థానముల అంకెల మొత్తమును మూడింతలు చేసి, సరి స్థానముల అంకెలను దానికి కలిపినప్పుడు వచ్చు సంఖ్య పదిచే నిశ్శేషముగా భాగింపబడవలెను. లేనిచో యంత్రము ఆ పఠనమును తిరస్కరించును. తప్పును పుట్టినచోటనే పట్టుకొను ఈ యేర్పాటు చూచుటకు అల్పమైనను, పైన కట్టెడి మేడ అంతయు దీనిమీదనే నిలిచియుండును.

ఇట్టి పరీక్షాంకముల ప్రసక్తి వచ్చినది గనుక హాన్స్ పీటర్ లూన్‌ను తలపకుండుట న్యాయము కాదు. జర్మనీలో జన్మించి అమెరికాలో ఐబీఎం సంస్థయందు పరిశోధకుడుగా నుండిన ఈయన, నేటి బ్యాంకు కార్డుల సంఖ్యను సరిచూచు పద్ధతిని కనుగొన్నవాడు. ఆ లూనే 1958లో ‘ఎ బిజినెస్ ఇంటెలిజెన్స్ సిస్టమ్’ అను పేర ఒక వ్యాసమును ఐబీఎం పత్రికయందు ప్రకటించెను. అయితే ఆయన తలచినది అమ్మకముల లెక్కలను గూర్చి కాదు. ఒక సంస్థకు వచ్చిపడు పత్రములను యంత్రమే చదివి, సంగ్రహించి, ఏ పత్రము ఎవరికి అవసరమో వారికి పంపించు ఏర్పాటును గూర్చి. ఆ పేరు ముప్పది యేండ్లు మూలబడియుండి, 1989లో హోవర్డ్ డ్రెస్నర్ అను విశ్లేషకుని చేతులమీదుగా నేటి యర్థముతో లోకమున వ్యాపించినది.

మన పూర్వపు వర్తకులు దినదినమును జరిగిన బేరములను జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసికొని, తీరిక వేళ వానిని ఆసామీవారీగా ఆవర్జాలోనికి ఎక్కించుచుండిరి. ఒక ఆసామి బాకీ ఎంతయని అడిగినప్పుడు చిట్టాను తిరగవేసి చెప్పుట యాతన. నిన్న మూడవ బేరమేదియని అడిగినప్పుడు ఆవర్జాను చూచి చెప్పుట యసాధ్యము. వ్రాయుటకు అనువైన పుస్తకము వేరు, ప్రశ్నించుటకు అనువైన పుస్తకము వేరు. కంప్యూటరు యుగము ఈ భేదమును మరల తెలిసికొనుటకు కొంతకాలము పట్టినది. 1970లో ఎడ్గర్ కాడ్, యుద్ధకాలమున బ్రిటిషు వైమానిక దళములో పనిచేసి తరువాత ఐబీఎంలో చేరిన గణితజ్ఞుడు, డేటానంతటిని పట్టికలుగా భావించి, ఒక సంగతిని ఒక్కచోటనే వ్రాసి, పట్టికలను అవసరమైనప్పుడు కలుపుకొను రిలేషనల్ డేటాబేస్ సిద్ధాంతమును ప్రతిపాదించెను. దుకాణము బిల్లు చేయుటకును, బ్యాంకు సొమ్ము చెల్లించుటకును, రైలు టిక్కెట్టు ఇచ్చుటకును అదియే నేటికిని ఆధారము. కాని ‘గడచిన మూడేండ్లలో ప్రతి తుఫానునకు ముందు వారమున ఏ వస్తువు ఎంత అమ్ముడైనది’ అను ప్రశ్నను ఆ యంత్రమునే అడిగినచో, అది కోట్ల వరుసలను తిరగవేయుచుండగా బల్లయొద్ద కొనుగోలుదారులు బారులు తీరవలసి వచ్చును. కనుక అడుగుటకు వేరొక భాండారము కావలెనని, 1988లో ఐబీఎంకు చెందిన బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీలు ఒక నిర్మాణమును వివరించిరి. 1990ల ప్రారంభమున బిల్ ఇన్మన్ డేటా వేర్‌హౌస్ పేర దానికొక శాస్త్రమును కట్టెను. ఆ భాండారములోనికి ఒకసారి చేరిన లెక్క తుడువబడదు. ప్రతి లెక్కకును కాలము ముద్రింపబడియుండును.

పలుచోట్ల పుట్టిన చిట్టాలనుండి ఈ భాండారమునకు సరకు చేరవేయు అంగమునకు ఈటీఎల్ అని పేరు. తీసికొనుట, మార్చుట, నింపుట అను మూడు పనులు దానివి. పటము గీయు భాగమునకు వచ్చు కీర్తిలో నూరవ వంతైనను దీనికి రాదు. పనివారి కాలములో మాత్రము అధికభాగము దీనికే ఖర్చగును. ఒక శాఖవారు ‘విశాఖపట్నం’ అనియు, మరియొకరు ‘వైజాగ్’ అనియు, వేరొకరు ఇంగ్లీషు అక్షరములలో ఒక హెచ్ అధికముగా చేర్చియు వ్రాసినచో యంత్రమునకు అవి మూడు పట్టణములు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాని ఇంటిపేరు ఒక ఫారములో ముందును, మరియొక ఫారములో వెనుకను, ఇంకొకదానిలో ఒక్క పొడియక్షరముగను పడియుండగా, ఒకే ఆసామి ముగ్గురు ఖాతాదారులై, ముగ్గురికిని పండుగ శుభాకాంక్షలు అందును. 04/05 అని వ్రాసిన తేది మనకు మే నెల 4. అమెరికనునకు ఏప్రిల్ 5. కొలతల మాట మరియు ఘోరము: పౌండ్లలో లెక్కించిన బలమును న్యూటన్లుగా తలచిన ఫలితముగా 1999 సెప్టెంబరులో నాసావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను వ్యోమనౌకయే అంగారకునియొద్ద నష్టమైపోయినది. ఈ యెగుడు దిగుళ్ళను సవరించు నియమములను వ్రాయువాడు ప్రతి నియమముతోను ఒక తీర్పు చెప్పుచున్నాడు. వయస్సు గడిలో 0 అని యున్నచో అది శిశువా, లేక తెలియకపోవుటయా? ఖాళీగానున్న గడిని సున్నగా నింపినవాడు సరాసరిని క్రిందికి లాగుచున్నాడు. ఆ తీర్పు పటము చూచువానికి కనబడదు. అందుచేతనే మంచి నిర్వాహకులు వచ్చిన సరకును వచ్చినట్లుగనే ఒకచోట భద్రపరచి, సవరించినదానిని వేరుగా నుంతురు.

భాండారములోపలి అమరికను గూర్చి రాల్ఫ్ కింబాల్ 1996లో ప్రకటించిన గ్రంథము ఈ వృత్తివారికి నేటికిని పాఠ్యపుస్తకమే. ఆయన బోధించిన రూపమునకు స్టార్ స్కీమా అని పేరు. నడుమ ఒక పెద్ద పట్టిక. దానిలో జరిగిన సంగతులు, అనగా ఎన్ని అమ్మినారు, ఎంత సొమ్ము వచ్చినది అను అంకెలు. దాని చుట్టును చిన్న పట్టికలు. తేది, వస్తువు, దుకాణము, కొనుగోలుదారు. నడిమి పట్టికను ఫాక్ట్ టేబుల్ అనియు, చుట్టునున్నవానిని డైమెన్షన్లనియు అందురు. అంకెలు నడుమను, అంకెలకు అర్థమిచ్చు మాటలు అంచులను ఉండుటయే ఇందలి కిటుకు. ఈ నిర్మాణమున కింబాల్ అన్నిటికంటె ముందు నిర్ణయింపుమని పట్టుబట్టినది ఒక్కటి కలదు: నడిమి పట్టికలో ఒక్క వరుస యనగా ఏమి? ఒక బిల్లా, బిల్లులోని ఒక పద్దా, ఒక దినపు మొత్తమా? దీనిని గ్రెయిన్ అందురు. స్ట్రాబెర్రీ రుచి పద్దు పద్దుగా దాచిన భాండారమున దొరకును. దినపు మొత్తములు దాచిన భాండారమున దొరకదు. సన్నని పద్దులనుండి మొత్తములను ఎప్పుడైనను వేసికొనవచ్చును గాని మొత్తమును విరిచి పద్దులను చేయుట బ్రహ్మకును శక్యము కాదు.

అంచుల పట్టికలు స్థిరముగా నుండునని తలచుటయు పొరపాటే, లోకము మారుచుండును. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. అదివరకు గుంటూరు జిల్లాలోనిదైన నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. బాపట్ల తన పేరనే ఏర్పడిన జిల్లాకు కేంద్రమైనది. ఆ మూడు ఊళ్ళలోను సరకు అమ్ముకొను ఒక కంపెనీ జిల్లాల వారీగా అమ్మకముల పటమును గీయించినదనుకొందము. మార్చి వరకు నిబ్బరముగా నున్న గుంటూరు గీత ఏప్రిల్‌లో పాతాళమునకు దిగును. ఒక్క పొట్లమైనను తక్కువ అమ్ముడుపోలేదు! ఊరి పట్టికలో ‘గుంటూరు’ అనుదానిని తుడిచి ‘పల్నాడు’ అని వ్రాసినచో, 2019 నాటి నరసరావుపేట బిల్లులు కూడ పల్నాడు క్రిందనే లెక్కకు వచ్చును. గీత సాఫీగా నుండును గాని, అప్పటికి పుట్టని జిల్లాకు అప్పటి యమ్మకములు అంటగట్టబడును. అట్లుగాక పాత వరుసను ‘ఈ తేది వరకు’ అని ముగించి, క్రొత్త వరుసను ‘ఈ తేది నుండి’ అని ప్రారంభించినచో, ప్రతి బిల్లును తాను పుట్టిననాటి జిల్లాయందే నిలుచును. గీత మాత్రము విరుగును. రెండును సత్యములే. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయి, 2019లో 33కు పెరిగినప్పుడును ఇదే చిక్కు. మెల్లమెల్లగా మారు డైమెన్షన్ల సమస్యయని దీనికి ఆ శాస్త్రమునందు పేరున్నది. ఒక్క రాత్రిలో పదమూడు ఇరువదియారైన చోట ‘మెల్లమెల్లగా’ అనుట కొంత నవ్వు పుట్టించును.

ఇంత డేటాను రెప్పపాటులో కూడగల వేగమెట్లు వచ్చెనను ప్రశ్నకు సమాధానము ముచ్చటైనది. మామూలు డేటాబేస్ ఒక వరుసలోని గడులన్నిటిని ప్రక్కప్రక్కన దాచును. విశ్లేషణకు మాత్రము ఒక వరుసలోని గడులన్నియు అక్కరలేదు. అన్ని వరుసలలోని ఒకటి రెండు గడులు చాలును. కనుక పట్టికను నిలువునకు కోసి, జిల్లా నిలువు ఒకచోట, ధర నిలువు ఒకచోట దాచినచో, అడిగినవానిని మాత్రమే చదివిన సరిపోవును. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన మోనెట్‌డీబీయు, 2005లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ప్రభృతులు వర్ణించిన సీ-స్టోరును ఈ పద్ధతికి బాట వేసినవి. మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ లోపల పనిచేయు యంత్రమును ఈ జాతిదే. నిలువుగా దాచుటవలన మరియొక లాభము కలదు. కోటి వరుసలున్నను ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి పునర్వ్యవస్థీకరణ ప్రకారము జిల్లా గడిలో ఉండగల పేర్లు 26 మాత్రమే. ఆ పేర్లను ఒక చిన్న నిఘంటువులో వ్రాసి, గడిలో దాని సంఖ్యను మాత్రముంచినచో ఒక్కొక్కదానికి 5 బిట్లు చాలును, ఏలననగా 5 బిట్లతో 32 సంఖ్యలను తెలుపవచ్చును. తెలంగాణకు ఒక్క జిల్లా యధికమై 6 బిట్లు కావలసివచ్చును. ఒకే విలువ వేయిసార్లు వరుసగా వచ్చినచో దానిని వేయిసార్లు వ్రాయక ‘ఇది, వేయి’ అని వ్రాసినచో సరి.

కంప్యూటరు మెమరీ ఇంత చౌకగాని దినములలో మరియొక ఉపాయము చేసిరి: రాబోవు ప్రశ్నలకు జవాబులను ముందుగానే కూడి దాచుకొనుట. 365 దినములు, 1000 వస్తువులు, 100 దుకాణములు మూడంచులుగా గల ఒక ఘనమును ఊహించినచో అందు 3 కోట్ల 65 లక్షల గడులుండును. అందులో పెక్కు శూన్యములే. ఒక దినపు పలకను కోయుట, నెలల మొత్తమునకు ఎక్కుట, దినములకు దిగుట, ఘనమును త్రిప్పి చూచుట అను ఈ చేష్టలన్నిటికిని కలిపి ఓలాప్ అను పేరు 1993లో ప్రచారమునకు వచ్చినది. పెట్టినవాడు కాడ్ మహాశయుడే. అయితే ఆ రచన అట్టి సాఫ్ట్‌వేరును అమ్ముకొను ఆర్బర్ అను కంపెనీ కొరకు చేసినదగుటచే ఆనాడు విమర్శ పాలైనది.

అన్ని అంకెలను కూడరాదనునది ఇచ్చట గుర్తుంచుకొనవలసిన సంగతి. అమ్మకములను దినముల మీదుగా కూడవచ్చును. గిడ్డంగి నిలువను కూడరాదు, సోమవారపు బస్తాలే మంగళవారమునను అచ్చటనే యున్నవి గనుక. సరాసరులను తిరిగి సరాసరి చేయుట మరియు అపాయము. ఒక దుకాణమున 10 బిల్లులకు సగటు 1000 రూపాయలు, మరియొకట 90 బిల్లులకు సగటు 100 రూపాయలు అయినచో, రెండు సగటుల సగటు 550. నిజమైన సగటు 19,000 రూపాయలను 100 బిల్లులకు పంచగా వచ్చు 190. ఇట్టి సూత్రములను ప్రతి ఉద్యోగియు తన ఇష్టమువచ్చినట్లు వ్రాసికొనకుండ, ‘అమ్మకము’ అనగా వాపసు వచ్చిన సరకు తీసివేసిన తరువాతిదా, జీఎస్‌టీ కలిపినదా కలుపనిదా, అను నిర్వచనములను ఒక్కచోట స్థిరపరచు అంగమొకటి భాండారమునకును పటమునకును నడుమ నిలుచును. 1990లో ఫ్రాన్సులో స్థాపితమైన బిజినెస్ ఆబ్జెక్ట్స్ అను కంపెనీ దీనికి ‘యూనివర్స్’ అని పేరిడినది. నేడు సెమాంటిక్ లేయర్ అనుట వాడుక. నా యభిప్రాయమున ఒక సంస్థ తన సొమ్ములో ఎక్కువ భాగమును పటముల మీద గాక దీనిమీద పెట్టవలెను. అమ్మకముల విభాగమును లెక్కల విభాగమును ఒకే నెలకు రెండు మొత్తములు తెచ్చి సమావేశమున వాదులాడుకొనుట చూచినవారికి దీని విలువ తెలియును.

ఇక చిత్రము. వ్యాపారమును రేఖలుగా చూపవచ్చునని లోకమునకు చూపిన విలియం ప్లేఫేర్ స్కాట్లండువాడు; ఆవిరియంత్రముల జేమ్స్ వాట్‌కు నమూనాలు గీసిపెట్టిన పనివాడు. 1786లో ఆయన ప్రకటించిన అట్లాసులో 44 పటములు కలవు. వానిలో 43 కాలముతోపాటు మారు ఎగుమతి దిగుమతుల గీతలు. మిగిలిన ఒక్కటి వేరు. స్కాట్లండునకు సంబంధించి ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకుటచే గీత గీయుటకు వీలులేక, ఆయన 17 దేశములతో జరిగిన వ్యాపారమును పొడుగు పొట్టి పట్టెలుగా చూపెను. కాలగతిని చూపలేని ఆ పటము ఉపయోగమున మిగిలినవానికి చాల తక్కువదని ఆయనయే చిన్నబుచ్చుకొనెను. నేడు ప్రపంచమున ప్రతి కార్యాలయమునందును కనబడు బార్ చార్టు ఈ విధముగా డేటా చాలకపోవుటచే జన్మించినది. 1801లో వలయమును ముక్కలుగా కోసి చూపు పై చార్టును ఆయన పుస్తకమునందే వెలసినది.

ఏ ఆకారమును కన్ను సరిగా చదువగలదను ప్రశ్నను ప్రయోగములతో పరీక్షించినవారు బెల్ పరిశోధనాలయమునకు చెందిన విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్‌లు. 1984 నాటి వారి వ్యాసము ప్రకారము, ఒకే కొలబద్ద మీద రెండు బిందువుల స్థానములను పోల్చుటలో మనుష్యుని కన్ను మిక్కిలి నిపుణము. పొడవులను పోల్చుటలో కొంత తక్కువ. కోణములలో ఇంకను తక్కువ. వైశాల్యములును రంగుల గాఢతయు వచ్చునప్పటికి తడబాటే. కనుక 23 శాతమును 26 శాతమును పై చార్టులో వేరు చేయలేని కన్ను పట్టెలలో తటాలున వేరు చేయును. అయితే పట్టెకు ఒక నియమమున్నది: అది సున్ననుండి మొదలుకావలెను. 98, 100 అను రెండు అమ్మకములను 97నుండి మొదలైన పట్టెలతో చూపినచో వాని యెత్తులు 1, 3 అగును; రెండు శాతముల భేదము మూడింతలుగా కనబడును. ఇట్టి పటములు పత్రికలలో ఎన్నికల వేళలందు ఎందుకు విస్తరించునో పాఠకులు ఊహించుకొందురుగాక.

అసలు అంకెలే యుండగా బొమ్మ యేల అని శంకించువారికి 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ ఇచ్చిన జవాబు ఇంతవరకు తిరుగులేనిది. ఆయన పదునొకండేసి బిందువులు గల నాలుగు పట్టికలను కల్పించెను. నాలుగింటియందును అడ్డు విలువల సగటు 9. నిలువు విలువల సగటు 7.5, సహసంబంధ గుణకము 0.816, అమరు సరళరేఖయు ఒక్కటే. గణాంక శాస్త్రమున మామూలుగా వేయు ప్రశ్నలన్నిటికిని నాలుగును ఒకే జవాబు చెప్పును. గీసి చూడగా మొదటిది చెదరిన సాధారణ సంబంధము. రెండవది చక్కని వంపు. మూడవది ఒక్క బిందువు మాత్రము తప్పిపోయిన తిన్నని గీత. నాలుగవదానిలో ఒక్కటి తప్ప బిందువులన్నియు ఒకే నిలువు గీతపై నుండును. సగటు విడిచిపెట్టినదానిని చిత్రము తిరిగి తెచ్చినది.

ప్లేఫేర్ చేతితో గీసినదానిని నేటి ఉద్యోగి మౌసుతో లాగి వదలుటచే గీయుచున్నాడు. ఆ సౌకర్యమునకు మూలము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రిస్ స్టోల్ట్, డయాన్ టాంగ్, పాట్ హన్రహన్‌లు నిర్మించిన పొలారిస్ అను పరిశోధనా సాధనము. హన్రహన్ అంతకుముందు పిక్సార్ సంస్థలో సినిమా బొమ్మలకు వెలుగునీడలు దిద్దు రెండర్‌మాన్‌ను రూపొందించినవారిలో ఒకడు. 2019 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతిని పంచుకొన్నవాడు. వారి యూహ యేమనగా, పటముల జాబితాలోనుండి ఒకదానిని ఎన్నుకొనుట గాక, పటమునే ఒక వాక్యముగా భావించుట. ‘జిల్లా’ను అడ్డమునకును, ‘అమ్మకము’ను నిలువునకును, ‘సంవత్సరము’ను రంగునకును అప్పగించినచో అదియే వాక్యము, సాఫ్ట్‌వేరు దానినుండి ఒక ప్రక్క డేటాబేసునకు ప్రశ్నను, మరియొక ప్రక్క చిత్రమును పుట్టించును. ఈ పరిశోధనయే 2003లో టాబ్లో అను కంపెనీయై, 2019లో సేల్స్‌ఫోర్స్ వశమైనది.

పలు పటములను ఒక్క తెరపై చేర్చినచో డాష్‌బోర్డు. దీనిని గూర్చి నేను ఎక్కువ చెప్పను, ఏలననగా దీనిని గూర్చియే అందరును ఎక్కువ చెప్పుచున్నారు. కారు స్పీడోమీటరును అనుకరించు గుండ్రని ముల్లుబొమ్మలు తెరలో అరచేతి మేర ఆక్రమించి ఒక్క అంకెను మాత్రము చెప్పుచున్నవని చూచి, స్టీఫెన్ ఫ్యూ అను నిపుణుడు వానికి బదులుగా లక్ష్యమును, సాధించినదానిని ఒక్క సన్నని పట్టెలో చూపు బుల్లెట్ గ్రాఫును కల్పించెను. అయినను ముల్లుబొమ్మల మీద అధికారులకు మోజు తగ్గలేదు. లాభమునకు ఆకుపచ్చ, నష్టమునకు ఎరుపు వాడువారు, ఐరోపా సంతతి పురుషులలో సుమారు నూటికి ఎనిమిదిమందికి ఆ రెండు రంగుల భేదము సరిగా తెలియదని గుర్తుంచుకొనుట మేలు.

డాష్‌బోర్డు ఘనత అందము కాదు. దానిలోని ప్రతి అంకెమీద వ్రేలుంచి లోపలికి దిగుటకు వీలుండుట. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఉన్నత విద్యకు దరఖాస్తు పెట్టిన 8,442 మంది పురుషులలో 44 శాతమునకును, 4,321 మంది స్త్రీలలో 35 శాతమునకును ప్రవేశము లభించినది. పైనుండి చూచినవారికి ఇది స్పష్టమైన పక్షపాతము. పీటర్ బికెల్ ప్రభృతులు శాఖల వారీగా దిగి చూడగా, చాల శాఖలలో స్త్రీలకు ప్రతికూలమైన పక్షపాతము కనబడలేదు. అన్నిటిని సరిచూడగా స్త్రీలవైపే కొంచెము మొగ్గు తోచినది. స్త్రీలు ఎక్కువగా కోరుకొన్న శాఖలలో, ఎవరికైనను సీటు దొరకుట కష్టమని తేలినది. ఆ మొత్తములు వేసిన పట్టికలో శాఖ పేరు అను నిలువును ఎవరైనను విడిచిపెట్టియుండినచో తగవు ఎన్నడును తేలెడిది కాదు. దీనివలన బర్క్‌లీలో అన్యాయమే లేదని చెప్పుటకు వీలులేదు. ఆ శాఖలలో సీట్లు తక్కువగా నుండుట ఎవరి నిర్ణయమను ప్రశ్న వేరొక పట్టికను కోరును.

ఎవరికి ఏ వరుసలు కనబడవలెనను అదుపు, డేటా ఎన్నిగంటలకు ఒకసారి క్రొత్తది కావలెనను గడువు, అంకె హద్దు దాటినప్పుడు కబురు పంపు ఏర్పాటు మొదలగు చిల్లర యంగములు ప్రతి సాఫ్ట్‌వేరునందును కలవు. అవి పాడైనప్పుడు గాని ఎవరికిని గుర్తురావు. ఇటీవల వచ్చి చేరిన అంగము ప్రశ్నపెట్టె. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్‌లు డేటాబేసును ప్రశ్నించుటకు కల్పించిన భాష నేర్చినవారికే లొంగుచుండిన భాండారమును, నేడు మాటలాడు భాషలోనే అడుగవచ్చును. భాషా నమూనా దానిని ఆ పాత ప్రశ్నభాషలోనికి మార్చి పంపును. తెలుగున అడిగినను కొంతవరకు పని జరుగుచున్నది. ‘గుంటూరులో పోయిన సంవత్సరము అమ్మకమెంత’ అని ఎవరైనను అడిగినచో యంత్రము క్షణములో ఒక అంకె చెప్పును. కాని చెప్పుటకు ముందు అది తిరిగి అడుగవలసినవి మూడు కలవు: ఏ గుంటూరు, 2022నకు ముందుదా, తరువాతిదా? సంవత్సరమనగా జనవరి నుండియా, ఏప్రిల్ నుండియా? పన్నుతోనా, పన్ను లేకయా? మారు మాటాడక జవాబు చెప్పు యంత్రమును విడిచి, ఈ మూడును అడిగి నన్ను విసిగించు యంత్రమునకే నేను సొమ్ము చెల్లింతును.